గేటు తీసేవాళ్లంటే నాకు పడేది కాదు

ఆ రోజుల్లో నాకు తెలివి చాలా ఎక్కువగా ఉండేది. ఇప్పుడు బాగా తగ్గింది గానీ, డిగ్రీ అయి ఉద్యోగంలో చేరిన కొత్తలో లోకంలో ఎవరు ఏ తప్పు చేస్తున్నారో కూర్చున్న చోటునుంచే చెప్పేసేవాణ్ణి. అంత తెలివికి తగ్గ పని దొరక్క అల్లాడుతుంటే జాంబీల సీరియల్ ఒకటి దొరికింది. చచ్చినవాళ్లు లేచి బతికున్నవాళ్లను కరుస్తారు, కరిపించుకున్నవాళ్లు లేచి ఇంకొకరిని కరుస్తారు, మిగిలిన పిడికెడు మందీ పాతబడ్డ బడి ఒకదాంట్లో గేటు వేసుకుని బతుకుతుంటారు. కథ అంతే. సీజన్లు మాత్రం నరికిన మొదళ్లనుంచే మళ్లీ మొలిచే కార్శి చెరకులా వస్తూనే ఉండేవి.

ప్రతి ఎపిసోడ్‌కీ మా ఊరి కుర్రాళ్ల గ్రూపులో ఇంత పొడుగు సమీక్ష రాసి పెట్టేవాణ్ణి. ఆ జాంబీల నడక మా గేదెలు సాయంత్రం ఇంటికొచ్చే నడకకన్నా నెమ్మది, అయినా ప్రతివాడూ వాటికి దొరికిపోతాడు, ఎందుకంటే పరిగెత్తేవాడు వెనక్కి తిరిగి చూసి బోర్లా పడాలని రచయితగారి ఆజ్ఞ. లోకం అంతమై ఏళ్లు గడిచినా హీరో గడ్డం పెరగదు, హీరోయిన్ కనుబొమలు ఎవరు దిద్దుతున్నారో తెలియదు. ఎవడైనా గోడకి చేరబడి చిన్ననాటి ముచ్చట మొదలెట్టాడంటే వాడికి ఆ ఎపిసోడ్‌లోనే మూడిందని లెక్క (నేనిప్పుడు చేస్తున్న పనీ అదే అనుకోండి). అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది గేటు దగ్గర. బయట ఎవరో ఏడుస్తారు, లోపలివాడు కళ్లనీళ్లు పెట్టుకుని గేటు తీస్తాడు, ఆ తర్వాత సగం మంది పోతారు. సీజన్ సీజన్‌కీ ఇదే వరస. "గేటు తీసే పాత్రని రాసిన చేతికి వాత పెట్టాలి" అని నేను రాస్తే గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. మా అమ్మ అభ్యంతరం మాత్రం వేరు. నా భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూసి, "ఊరి సుట్టూ అన్ని పొలాలున్నాయి, ఒక్కడూ ఇత్తనం ఎయ్యడేటిరా? ఎప్పుడూ డబ్బాలు ఎతుక్కోడవేనా?" అనేది. ఆ పాయింటు మర్నాటి సమీక్షలో నా సొంత తెలివిగా వాడుకున్నాను.

ఇంతలో కరోనా వచ్చింది. కొండకర్ల వెళ్లే దారిలో ఉన్న మా ఊరి మొదట్లో తాటిదుంగలు అడ్డంగా పడేసి, వాటిమీద ముళ్లకంప కప్పి, "బయటివాళ్లు రాకూడదు" అని అట్టముక్క కట్టారు. కాపలాకి ఎవరన్న మాట వచ్చేసరికి, ఇలాంటి విపత్తులో సీజన్ల కొద్దీ అనుభవం ఉన్నవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. నాకు తోడు మైకుగాడు. ఊళ్లో ఏ ఉత్సవమైనా మైకు వాడి చేతికే వెళ్లేది, అందుకని ఆ పేరు. మేమిద్దరం ఒకరినొకరు మామా అనుకునేవాళ్లం (ఎవరికి ఎవరు మామో ఇప్పటికీ తేలలేదు). తీరా అంతా కట్టాక చూస్తే కల్లుపాక అడ్డుకి అవతల ఉండిపోయింది. అడ్డు పెట్టించిన పెద్దలే పంచెలు ఎగ్గట్టి రోజూ దుంగలు దాటి వెళ్లి, తూలుతూ తిరిగి దాటేవారు. సీరియల్లో ఒకడు సిగరెట్ల కోసం గోడ దూకితే "బొత్తిగా నమ్మేలా లేదు" అని రాసినవాణ్ణి, రోజూ కళ్లారా చూశాను.

ఒక మధ్యాహ్నం, ఎండ మాడిపోతుండగా, హైవే వైపునుంచి ఇద్దరు నడిచి వస్తున్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే మా అక్క, బావ. అక్క నిండు చూలాలు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని పాయకరావుపేటనుంచి బెల్లం వ్యాను ఒకటి పట్టుకుని బయల్దేరారు. దారికి అడ్డు వేశారని వ్యానువాడు రోడ్డుమీదే దింపేశాడు. నేను కర్ర ఎత్తి, "అక్కా, అక్కడే ఆగు!" అన్నాను.

"ఏట్రా గుంటడా, నన్నే?" అంది అక్క.

"మామా, మీ అక్క కదా," అని మైకుగాడు నసిగాడు.

"అక్కయితే ఏటి? రోగానికి సుట్టరికాలు తెలుత్తాయేటి?" అన్నాను. (ఈ డైలాగు గ్రూపులో పెడితే ఎలా ఉంటుందా అని ఆ క్షణంలో కూడా ఆలోచించాను.) బావ చెమట తుడుచుకుంటూ, "పోనీలే, ఎనక్కి ఎలిపోదుం," అన్నాడు. వెనక్కి వెళ్లడానికి వ్యాను ఏది? ఇంట్లో అమ్మ, ఉబ్బసంతో నానమ్మ ఉన్నారు. తీస్తే వాళ్లకేమైనా అవుతుందేమో, తీయకపోతే అక్కకి ఈ ఎండలో ఏమైనా అవుతుందేమో. నాకు నిజంగా భయం వేసింది. అక్క ఆయాసపడుతూ అవతలి దుంగమీద కూలబడి అడిగింది.

"ఒరే, నీ సీరియల్లో ఇలాటప్పుడు ఏటి సేత్తారు?"

"గేటు తీసేత్తారు."

"తీత్తే?"

"సగం మంది సత్తారు."

"తియ్యకపోతే?"

ఇన్ని సమీక్షలు రాసినా అది ఒక్కనాడూ ఆలోచించలేదు. "ఏటో మరి. ఎవుడూ తియ్యకుండా లేడు," అన్నాను.

"అయితే ఇంకేటి సూత్తావు? బేగి తియ్యి. కాళ్లు పీకేత్తన్నాయి."

నేను కర్ర అవతల పారేసి ముళ్లకంప రెండు చేతులతో లాగాను. మైకుగాడు దుంగ జరిపాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముల్లు గుచ్చుకుందని చెప్పాను గానీ అప్పటికింకా ఏ ముల్లూ గుచ్చుకోలేదు.

అక్కనీ బావనీ రెండు వారాలు మేడమీద గదిలో ఉంచాం. అమ్మ మెట్లమీద అన్నం పెట్టి కిందికి వచ్చేసేది. ఎవరికీ ఏమీ కాలేదు. నెల తిరక్కుండానే మేనకోడలు పుట్టింది. అనకాపల్లి ఆసుపత్రినుంచి దాన్ని తెచ్చిన రోజు మైకుగాడు ఊరంతటికీ వినిపించేలా మైకులో చెప్పాడు. ఆ తర్వాత సీరియల్ చూశాను గానీ, సమీక్ష రాద్దామని కూర్చుంటే ఫోనుమీద వేలు కదిలేది కాదు.

ఈ మధ్య బడి ఈడుకొచ్చిన ఆ మేనకోడలు బజారులో నా వేలు పట్టుకుని నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. "మావయ్యా, నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు కర్రట్టుకుని నన్ను ఎండలో ఆపేసేవంట. అమ్మ సెప్పింది. నువ్వు విలనా?"

"కాదే తల్లీ," అన్నాను. "అప్పట్లో రివ్యూలు రాసేవాణ్ణి."

రెండిటికీ తేడా ఏటని అడుగుతుందేమోనని, అడక్కముందే ఐసుబండి దగ్గరికి తీసుకుపోయాను.