భద్రమ్మ పెద్దమ్మ పాస్‌వర్డ్

మా పక్కింటి భద్రమ్మ పెద్దమ్మ ఏదడిగినా ఇస్తుంది. నిచ్చెన ఇస్తుంది, ఇడ్లీ పాత్ర ఇస్తుంది, పెళ్లికి వెళ్లాలంటే మెళ్లో గొలుసు తీసి ఇస్తుంది. వైఫై పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వదు. యముడొచ్చి "పాస్‌వర్డ్ చెప్తే పదేళ్ల ఆయుష్షు" అన్నా సరే, "నువ్వు గోడ దిక్కు తిరుగు, నేనే కొడత" అంటుంది.

దీనికి ఆమె ఉద్యోగమే కారణమని మా వాడకట్టు అభిప్రాయం. జనగామలో విద్యాశాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి, సూపరింటెండెంట్‌గా దిగింది. అందులో ఇరవై ఏళ్లు పదో తరగతి ప్రశ్నపత్రాల పెట్టెలకు కాపలా. ఒక్క కాగితం బయటికి పోనివ్వలేదు. ఆరేళ్ల కింద రిటైరయ్యాక కాపాడటానికి ఏమీ మిగలక, ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకుంది.

ఆమె భర్త రాజయ్య పెద్దనాయిన రైల్వేలో గేటు వేసి తీసి రిటైరైన మనిషి. ఆయనకూ పాస్‌వర్డ్ తెలియదు. "పెండ్లయి నలభై ఏండ్లు. బీరువా తాళం ఇచ్చింది, ఏటీఎం నంబరు ఇచ్చింది. గిదొక్కటి ఇయ్యలే. అడిగితే, నువ్వు నిద్రల మాట్లాడతవ్ అంటది" అని ఆయన బాధ.

ఒకసారి టేకుమట్ల నుంచి ఆమె చెల్లెలు వెంకటనర్సమ్మ వచ్చి నాలుగు రోజులుంది. పెద్దమ్మ తనే ఆమె ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టిచ్చింది. అబ్బో, మారిందే అనుకున్నాం. అయిదో రోజు బస్టాండులో చెల్లెలు బస్సెక్కి కూర్చున్నాక, కిటికీలోంచి చెయ్యి పెట్టింది. "ఏదీ, ఫోను జర ఇటియ్యి." తీసుకుని, వైఫై పేరు చెరిపేసి, తిరిగిచ్చింది. "ఇగ పో, పైలం" అంది.

ఇంత దాపరికం ఉన్న మనిషి ఇల్లు ఊరంతటికీ అద్భుతం. అక్కడ వైఫైతో నడిచే వస్తువులు పద్నాలుగు. బల్బులు, ఫ్యాన్లు, గీజరు, బోరు మోటారు, గేటు కెమెరా, తనంతట తానే తిరిగే చీపురు మిషను. "మా ఇంట్ల తెలివి లేనియి రెండే. ఒకటి రోకలి" అంటుంది. రెండోది ఏదో రాజయ్య పెద్దనాయిన ముందు చెప్పదు.

మాట వినే స్పీకర్ కూడా ఉంది. కొత్తలో ఆమె "ఫ్యాన్ జర బంద్ జెయ్" అంటే, అది "క్షమించండి, అర్థం కాలేదు" అనేది. "మన మాటకు సినిమాలోళ్లు నవ్విరి, ఇప్పుడు డబ్బా సుత నవ్వవట్టె" అని నెల రోజులు దానితో పోట్లాడింది. బంద్ అనే మాట దానికి నేర్పించాకగానీ వదల్లేదు.

మొన్న వేసవిలో, మురుగు మోరీ తవ్వకాల్లో ఆమె ఇంటర్నెట్ తీగ మూడోసారి తెగింది. విసిగిపోయి కంపెనీ మార్చింది. ఆదివారం పదింటికి దినేశ్ అనే అతను వచ్చి పాత వైఫై డబ్బా తీసి కొత్తది బిగించాడు.

"మేడం, పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టుకోండి. మీ సామాన్లన్నీ వాటంతట అవే కలుస్తయి" అన్నాడు పాపం.

"పోయినేడు ఇచ్చిన ప్రశ్నపత్రమే ఈ ఏడు ఇస్తరా?" అంది పెద్దమ్మ.

అతనికి అర్థం కాలేదు. అతన్ని బయట నిలబెట్టి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ తనే కొట్టుకుంది. ఇరవై ఏడు అక్షరాలు. అతను వెళ్లిపోయాడు. ఇంట్లో పద్నాలుగు వస్తువులూ ఒక్కసారే మొండికేశాయి. ఫ్యాన్లు తిరగవు, మోటారు నడవదు. చీపురు మిషను హాలు మధ్యలో కూలబడింది.

నేను ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారును. గోడ మీది నుంచి కేక వచ్చింది.

"కల్యాణ్! బిడ్డా, జర రా!"

వెళ్లాను. ముందు హాల్లో బల్బు పట్టుకున్నాం. పెద్దమ్మ ఫోన్‌లో బల్బు యాప్ పాస్‌వర్డ్ అడిగింది.

"చెప్పు పెద్దమ్మా, కొడత."

"గోడ దిక్కు తిరుగు."

తిరిగాను. ఆమె తల మీంచి కొంగు కప్పుకుని, ఆవిరి పట్టే మనిషిలా ఫోను మీదికి వంగి, ఒక్కో అక్షరం నొక్కింది. బల్బు మూడుసార్లు మిణుకుమని, కలవనంది. మళ్లీ గోడ, మళ్లీ కొంగు. అలా ఎనిమిదిసార్లు. ఆ గోడ మీద ఎన్ని పగుళ్లున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

"ఒక్కసారి నాకు చెప్తే అయిదు నిమిషాల పని పెద్దమ్మా."

"పదో తరగతి పేపరు సుత అయిదు నిమిషాల్లనే బయటికి పోతది."

రెండు గంటలు గడిచాయి. ఫ్యాన్ లేదు. ఎండ మండిపోతోంది. చివరికి తప్పు పట్టుకున్నాను. కొత్త డబ్బా ఒకే పేరుతో రెండు లైన్లు పంపుతోంది, ఒకటి వేగంది, ఒకటి నిదానంది. ఈ బల్బులు నిదానం లైనునే పట్టుకుంటాయి. పెద్దమ్మ ఫోనేమో వేగం లైను మీద ఉంది. రెండింటికీ పేర్లు విడదీయించి, నిదానం లైను మీద మరోసారి కొంగు కప్పించాను. బల్బు టక్కున వెలిగింది.

"హమ్మయ్య! ఇగ ఫ్యాన్ చేద్దాం" అన్నాను చెమట తుడుచుకుంటూ.

"ఫ్యాన్ గీన్ ఆగని. ముందు నాతోని రా. పదిహేనోది, పదహారోది ఉన్నయి."

"పద్నాలుగే అన్నవ్ గద?"

ఆమె అప్పటికే పెరటి గుమ్మం దాటింది. వెనక వాటాలో అద్దెకుండేది చాంద్యా, మంగ్లీ. పెద్దవంగర పక్కన తండా వాళ్లది. చాంద్యా ఇక్కడ బట్టల దుకాణంలో మిషను కుడతాడు. ఇద్దరికీ పుట్టుకతోనే చెవులు వినపడవు. వాళ్లకు ఆరు నెలల పాప.

లోపల ఉయ్యాల పక్కన పీట వేసుకుని, రాజయ్య పెద్దనాయిన గేటు దగ్గర రైలు కోసం చూసినట్టు చూస్తున్నాడు.

"నువ్వేంది పెద్దనాయినా ఈడ?"

"డ్యూటీ బిడ్డా. పొద్దుగాల లైను పోయినప్పటి సంది. పిల్ల ఏడ్వంగనే పోయి మంగ్లీకి చెప్పాలె. నాలుగుసార్లు చెప్పిన. లఘుశంకకు సుత పోనియ్యలే మీ పెద్దమ్మ."

తలెత్తి చూశాను. ఉయ్యాల మీద చిన్న కెమెరా. వంటగది గుమ్మం మీద ఒక బల్బు. పాప ఏడిస్తే కెమెరా పసిగడుతుంది, వెంటనే ఆ బల్బు ఎర్రగా కొట్టుకుంటుంది, మంగ్లీ చూసి వస్తుంది. రెండూ కొన్నది, బిగించింది, తన వైఫైకి తగిలించింది పెద్దమ్మే. పక్కింట్లో ఉండి నాకు తెలియదు.

"ముందే చెప్తే, హాల్ల బల్బు పట్టుకోకుండ మొదలు గిదే చేస్తుంటి గద!"

"చెప్తే పాస్‌వర్డ్ సుత చెప్పుమంటవ్." ఉయ్యాల ఒకసారి ఊపింది. "ఒక్కసారి ఇచ్చిన కల్యాణ్. పై వాటాలోళ్లకు, జాలిపడి. ఆళ్లు ఆళ్ల చుట్టాలకు ఇచ్చిండ్రు. ఒక దినం అందరు క్రికెట్ పెట్టుకున్నరు. లైను బిగుసుకపోయింది. పిల్ల ఏడ్సి ఏడ్సి గొంతు పోయినంక వెలిగింది బల్బు. మంగ్లీ గీ గుమ్మం అవతల్నే బియ్యం ఏరుతుండె. తెల్సినంక ఆ పిల్ల ఎంత ఏడ్సిందో నేను సూసిన. గందుకే ఎవ్వరికి ఇయ్య."

పాప వయసు ఆరు నెలలు. పెద్దమ్మ దాపరికం వయసు ఆరేళ్లు. ఆ తేడా నాకు కనిపించదనుకుంది కాబోలు. నేనూ కనిపించనట్టే ఊరుకుని, చెప్పకముందే గోడవైపు తిరిగాను.

ఇరవై ఏడు అక్షరాలు, రెండుసార్లు. కెమెరా కలిసింది. బల్బు కలిసింది.

"పనిచేస్తుందో లేదో ఎట్ల తెలుస్తది?" అంది పెద్దమ్మ.

"పాప ఏడ్వాలె."

ముగ్గురం పాప వైపు చూశాం. పాప మమ్మల్ని చూసి బోసినోటితో నవ్వింది. రాజయ్య పెద్దనాయిన మీసం మెలేసి, కళ్లు పెద్దవి చేసి భయపెట్టబోయాడు. ఇంకా నవ్వింది.

"జర గిల్లుదామా?" అన్నాను.

"నిన్ను గిల్లుత!" అంది పెద్దమ్మ. తలుపు వైపు ఒకసారి చూసింది. కెమెరా ముందుకు వంగింది. ఎవరూ ఎదురు మాట్లాడటానికి సాహసించని ఆ సూపరింటెండెంట్ భద్రమ్మ, నోరు తెరిచి, "కేర్ కేర్" మని పసిపిల్లలా ఏడ్చింది.

బల్బు ఎర్రగా కొట్టుకుంది.

వంటగదిలోంచి మంగ్లీ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ఉయ్యాలలో పాప నవ్వుతోంది. పక్కన పెద్దమ్మ నోరింకా తెరుచుకునే ఉంది. మంగ్లీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చేతులతో ఏదో అడిగింది.

"ఏమంటుంది పెద్దమ్మా?"

"ఇంత పెద్ద పిల్లకు ఎన్ని పాలు పట్టాల్నో అడుగుతుంది" అంది పెద్దమ్మ, ఎర్రబడిన మొహంతో.

మంగ్లీ గోడకు ఆనుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత బల్బు వైపు చూపించి, ఒక వేలెత్తి, ఇంకొక్కసారి అన్నట్టు బతిమాలింది.

భద్రమ్మ పెద్దమ్మ చీర సర్దుకుంది, గొంతు సవరించుకుంది, మళ్లీ ఏడ్చింది. ఈసారి ఇంకా బాగా.