వంతెన మీద లేని గేదె

మా మేనల్లుడు పొడుగవుదామని కాళ్ళెముకలు కోయించుకున్న సంగతి ఇంట్లో నలుగురికే తెలుసు. వాడికి, మా అక్కకి, బావకి, నాకు. నన్నెందుకు కలుపుకున్నారంటే, ఊళ్ళో చెప్పుకోడానికి ఒక కథ కావలసొచ్చింది. అవసరానికి అబద్ధమాడేవాళ్ళు మా వంశంలో చాలామందే ఉన్నారు. అవసరం లేకపోయినా ఆడేవాణ్ణి నేనొక్కణ్ణే.

వాడిది బ్యాంకులో ఉద్యోగం. అక్కడ వాణ్ణి 'బుడ్డోడు' అంటారట.

"మావయ్యా, ఇది బయటికి పొక్కిందంటే మళ్ళీ ఆ బ్యాంకు మెట్లెక్కను. డబ్బిచ్చి పెరిగాడంటారు. దానికన్నా బుడ్డోడే నయం," అన్నాడు.

పామర్రు దాటాక కాలవ వంతెన మీద వాడి బండికి గేదె అడ్డమొచ్చిందని తేల్చాను. చూసినవాళ్ళకి అనుమానం రాలేదు. మోకాళ్ళ కింద నుంచి చీలమండల దాకా ఇనప చట్రాలు, ఎముకలోకి దిగిన కడ్డీలు. ఆ చట్రాల మరలు రోజూ కొద్దికొద్దిగా తిప్పాలి. కోసిన ఎముక మధ్య సందు పెరుగుతుంది, ఆ సందులో కొత్త ఎముక పోసుకుంటుంది. ఎముక సాగినంత సులువుగా కండ సాగదు. వాడి మడమలు నేలకి ఆనడం మానేశాయి. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ గుణదలలో మా అక్క ఇంటికొచ్చి పాదాన్ని పైకి వంచుతుంటే వాడు దిండు కొరుక్కునేవాడు. కడ్డీల చుట్టూ తుడిచి గాజుగుడ్డ మార్చడం అక్క పని. పరామర్శకొచ్చినవాళ్ళకి గేదెను చూపించడం నా పని.

మొదట్లో అది మామూలు గేదే. యాపిల్ పళ్ళ సంచులు వచ్చేకొద్దీ పెరిగింది. మావాడు సెంటీమీటరు పెరిగితే అది అడుగు పెరిగింది.

ఇక్కడే తేడా కొట్టింది. మా బావ తమ్ముడిది పామర్రు. పట్టుదల మనిషి. మాకు చెప్పకుండా ఆ వంతెన పక్క ఊరికెళ్ళి, గేదెల్ని రోడ్డు మీదికి వదిలేస్తారా అని ఇంటింటికీ తిరిగి కేకలేసి వచ్చాడట. ఆ సంగతి మాకు తెలిసింది, పాల క్యాను పట్టుకుని ఒకాయన గుమ్మంలో నిలబడ్డప్పుడు.

"ఆ గేదె మాదేనండి," అన్నాడు. "ఆ సాయంత్రం పలుపు తెంపుకుందండి. పాడి గేదేనండి. కానీ ఇంట్లో ఆడాళ్ళు ఇంక దాని మొహం చూసేది లేదంటున్నారు. సంతలో వదిలించేసుకుంటానండి. ముందు అబ్బాయిగారిని ఓసారి చూసి పోదామని..."

ఫిజియో అమ్మాయి చేతిలో మావాడి పాదం ఉంది. నేను అడ్డుపడ్డాను.

"మీది అయ్యుండదండీ. మాకు అడ్డమొచ్చినదానికి ఒక కొమ్ము వంకర."

"మాదానిక్కూడా వంకరేనండి."

"నుదుటి మీద తెల్లమచ్చ!"

"ఉందండి," అన్నాడు.

"తోక సగమే ఉంది కదా?"

"ఈగలు తోలుకోలేక అవస్థ పడుద్దండి, పాపం."

నేనల్లిన గేదె అంగాంగం నిజమైనందుకు కొంచెం గర్వం కూడా కలిగింది.

"ఇంక ఆపు మావయ్యా," అన్నాడు మావాడు. ఆయన వైపు తిరిగాడు. "బాబాయ్‌గారూ, మీ గేదెను అమ్మకండి. వంతెన మీద గేదే లేదు, నా బండీ లేదు. నేనే కోయించుకున్నా. పొడుగవడానికి."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన చట్రాల వంక చూశాడు, మావాడి మొహం వంక చూశాడు.

"డబ్బులిచ్చి మరీనాండి?"

"ఇచ్చే."

"నొప్పుండదాండి?"

"ఉంటుంది."

"ఏమాత్రం పెరిగారండి?"

మావాడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు చూపించాడు. ఆయన వంగి ఆ సందులోంచి చూశాడు.

"ఇది మా ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరండి," అన్నాడు చివరికి. "గేదె మీద మమకారంతో నేనే అల్లానంటారు. మా ఆవిడైతే అసలు నమ్మదు. నమ్మేట్టుగా ఇంకోటేదన్నా ఉంటే చెప్పండి."

అందరూ నా వైపు చూశారు. ఫిజియో అమ్మాయి కూడా. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"అడవిపంది," అన్నాను. "మసక చీకట్లో గేదెలా కనబడింది. మనవాడికి నిన్ననే సరిగ్గా గుర్తొచ్చింది."

ఆయన దాన్ని పెదాల మధ్య ఒకసారి చెప్పుకుని చూసుకున్నాడు. "పందైతే సరిపోద్దండి. మా కాలవ గట్టున తిరుగుతానే ఉంటాయి," అన్నాడు. పాలు అక్క గిన్నెలోకి వంచేసి, ఖాళీ క్యానుతో తేలిగ్గా మెట్లు దిగాడు.

ఫిజియో అమ్మాయి మళ్ళీ పాదం పట్టుకుంది.

"ఈసారి యజమాని లేనిదాన్ని పట్టావు మావయ్యా," అని మావాడు దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.