సారు మంచిదనేదాక

నాకు ముక్కు మీదే కోపం. తండా బడిలో చేరిన మొదటి రోజే దానికి పని పడింది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సెక్కి, పాలకుర్తిలో దిగి, గతుకుల బాటలో ఆటో పట్టుకుని వెళ్లేసరికి నడుము విరిగిపోయింది. ఒకే గది, వెనక వంటపాక, పిల్లలందరికీ కలిపి నేనొక్కదాన్నే టీచర్ని. హాజరు వేస్తుంటే గుమ్మం బయట ఒకాయన చెప్పులు విడిచాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సారూ, దండం" అన్నాడు.

"సారు కాదు, మేడం అనాలి" అన్నాను. చీర కట్టుకున్న మనిషి కళ్లకు ఆనడం లేదా అని ఒళ్లు మండింది.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "మిమ్ముల అనలే మేడం. మా పోరనికి జెరమొచ్చింది, గదే చెప్పిపోదామని" అంటూ నా భుజం మీదుగా గది మూలకు చూశాడు.

వెనక్కి తిరిగాను. మూలన పాత చేతుల కుర్చీ ఉంది. అందులో ఎవరూ లేరు.

ఆ వారమంతా అదే వరస. ఏ తల్లి వచ్చినా, ఏ తండ్రి వచ్చినా ముందు కుర్చీకి దండం, తర్వాతే నాతో మాట. పిల్లలు ఇంకా విచిత్రం. కుర్చీ ముందు నుంచి తిన్నగా నడిచేవారు కాదు. అక్కడెవరో కాళ్లు చాపుకుని కూర్చున్నట్లు, కొంచెం దూరంగా చుట్టు తిరిగి పోయేవారు. ఒకరోజు చాక్‌పీసు కోసం వెళ్తూ నేను కూడా చుట్టు తిరిగే పోయానని తర్వాత గమనించి, నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇదెక్కడి గొడవరా నాయనా అని మధ్యాహ్నం అన్నం వండే అవ్వను నిలదీశాను. కుర్చీ తీసుకుపోయి పాకలో పడేయమన్నాను.

"వద్దు మేడం" అంది అవ్వ. గరిటె పక్కన పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

నాకు ముందున్న సారు ఆ కుర్చీలోనే పోయాడట. ఒక మధ్యాహ్నం ఒంట్లో నలతగా ఉందని, 'నేను లేచేదాక ఎవ్వరు మాట్లాడొద్దు' అని పిల్లలకు చెప్పి కళ్లు మూసుకున్నాడు. సారు మాటంటే మాటే. బడి విడిచే వేళ దాటినా ఒక్క పిల్లాడు కదల్లేదు. పిల్లలు ఇళ్లకు రాలేదని తల్లిదండ్రులు వచ్చారు. గుమ్మం బయట నిలబడి, "సారూ, పిల్లలను తోల్కపోదుమా?" అని అడిగారు. మామూలుగా అయితే సారు "మంచిది" అనేవాడు. ఆ మాట వినకుండా ఆ గుమ్మంలోంచి పిల్లను తీసుకుపోవడం ఎవరికీ అలవాటు లేదు. లోపల పిల్లలు, బయట పెద్దలు, దీపాలు పెట్టే వేళదాకా అలాగే ఉండిపోయారు. చివరికి అవ్వే లోపలికి పోయి సారు చెయ్యి పట్టుకుని చూసింది.

"అప్పటిసంది గంతే మేడం. పిల్లను బడి మాన్పియ్యాలంటే సారును అడగాలె. సారు మంచిదనాలె."

"అంటాడా మరి?"

"ఎట్లంటడు? గందుకే ఎవ్వలు మానలే."

కుర్చీ జోలికి మళ్లీ పోలేదు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. లెక్క నా నోట్లోంచి పూర్తిగా రాకముందే జవాబు చెప్పేది. గురుకులం పరీక్షకు దానిచేత దరఖాస్తు పెట్టించాను. సీటు వస్తే దాని బతుకు మారుతుందని ఆశపడ్డాను. సరిగ్గా అప్పుడే తండా వాళ్లు మిర్చి ఏరడానికి భూపాలపల్లి దిక్కు బయల్దేరారు. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఈ పిల్ల కూడా కావాలన్నాడు వాళ్ల నాయిన. వాళ్లింటికి పోయి దెబ్బలాడాను. పిల్లను నానమ్మ దగ్గర ఉంచమని బతిమాలాను కూడా. నేనొక మాటంటే ఆయన దగ్గర పది జవాబులున్నాయి. పోతే పరీక్ష పోయినట్లే. తిరిగొచ్చేసరికి ఎండాకాలం.

వెళ్లే రోజు పిల్లలు అన్నాలు తిని కూర్చున్నాక ఆ పిల్ల నాయిన బడికి వచ్చాడు. రోడ్డు మీద కూలీల ట్రాలీ హారన్ కొడుతోంది. తలకు తువ్వాల అలాగే ఉంది. మూలకు చూడనేలేదు. నన్నే చూశాడు.

"మేడం గారూ, నమస్తే" అన్నాడు రెండు చేతులూ జోడించి. "నా బిడ్డను తోల్కపోత. మిర్చి అయినంక మళ్ల బడికి తోలుత. మీరు జర మంచిదనుండ్రి."

ఎన్నాళ్లుగానో నేను కోరుకున్న మర్యాద అది. కానీ ఇప్పుడెందుకో వెంటనే అర్థమైంది. కుర్చీ జవాబు చెప్పదని ఆయనకు తెలుసు. నేను చెప్తాను. వద్దంటాను, వాదిస్తాను, ఆఖరికి విసిగి మంచిది పో అంటాను. బతికున్న మనిషిని ఒప్పించొచ్చు. పిల్ల పుస్తకంలోంచి తలెత్తలేదు. దాని పెన్సిలు మాత్రం ఆగిపోయింది.

ఆ మాట నా నోట రాకముందే అక్కణ్ణుంచి తప్పుకోవాలనిపించింది. వెనక్కి వెనక్కి నడిచి కూర్చున్నాను. కూర్చున్నాకే తెలిసింది, మూలనున్న కుర్చీలో కూర్చున్నానని.

ఎండ పడని మూల అది. అయినా చేతులు ఆనించిన చోట కర్ర వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచి నాకు చోటిచ్చినట్లు. పరీక్ష సంగతి చెబుదామని నోరు తెరిచాను. మాట రాలేదు. పిల్లలంతా చేతులు కట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు.

"మేడం" అన్నాడు. ఇంకొంచెం గట్టిగా, "మేడం గారూ" అన్నాడు.

హారన్ మళ్లీ మోగింది. ఆయన మెల్లగా చెప్పులు విడిచి, తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సారూ" అన్నాడు. "తోల్కపోదునా?"

నేను పలకలేదు. పలకకూడదని అనుకున్నానో, పలకలేకపోయానో ఇవాళ్టికీ తెలియదు. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వీపు చూపించకుండా వెనక్కి జరిగి, చెప్పులు చేత పట్టుకుని వెళ్లిపోయాడు. ట్రాలీ కదిలిన చప్పుడు విన్నాం. పిల్ల పెన్సిలు మళ్లీ నడిచింది.

పిల్ల నానమ్మ దగ్గరుండి పరీక్ష రాసింది. మహబూబాబాద్ దిక్కు గురుకులంలో సీటొచ్చింది. అప్పటికి నేను ఆ కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. తండాలో అందరూ నన్ను సారూ అనే పిలుస్తున్నారు. ఎవరినీ దిద్దలేదు.

చేర్పించే రోజు పిల్ల నాయిన పెట్టె నెత్తిన పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచాడు.

"సారూ, దండం. నా బిడ్డను తోల్కపోదునా?"

"మంచిది" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పిల్ల నవ్వుతూ చెయ్యూపింది. వాళ్లు నాలుగడుగులు వేశారో లేదో, వంటపాకలోంచి అవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. ముందు నన్ను చూసింది, తర్వాత కుర్చీని.

"గిప్పుడు మంచిదన్నది ఎవలు? గా గొంతు నాకెరుకే."

"నేనే అవ్వా."

అవ్వ కుర్చీకి దండం పెట్టింది. నా మాట నమ్మలేదు.