నీలం వదిలిన చెయ్యి

ఈ మధ్య వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆదోనికి వెళితే, ఒక డాక్టరమ్మ నా కుడి మణికట్టు మీద చల్లటి జెల్ రాసి పెన్సిలంత పరికరం ఒకటి ఆనించింది. బల్ల మీది చిన్న పెట్టెలోంచి శబ్దం వచ్చింది. అది నా చేతిలో నెత్తురు పారే శబ్దమని చెప్పింది. ఆ పరీక్షను డాప్లర్ అంటారట. బొటనవేలి వైపు ఒక రక్తనాళం, చిటికెనవేలి వైపు ఒకటి వచ్చి అరచేతిలో కలుస్తాయని, ఒకదాన్ని నొక్కిపెట్టి రెండోదాన్ని వింటానని వివరంగా చెప్పింది. నాకు తెలుసని అనలేదు. తల ఊపాను.

పందొమ్మిదివందల యాభైలలో, ఎమ్మిగనూరులో, ఈ పరీక్షే మా ఆయన చేతికి నేను రోజూ పొద్దున చేసేదాన్ని. అప్పుడు వినడానికి ఏమీ లేదు. రంగు చూసేవాళ్ళం.

మా ఆయన నూలుకు రంగు వేసేవాడు. ఊరంతా మగ్గాలు. ఆ మగ్గాలకు నీలం నూలు మా షెడ్డు నుంచే ఎక్కువగా పోయేది. నూలు కట్టను తొట్టిలో ముంచి తీసినప్పుడు అది పచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ నీలమవుతుంది. చేతులూ అంతే. మా ఇంట్లో నీలం వేళ్లు రోగం కాదు. మామగారి చేతులు ఆయన్ని కాల్చేనాటికి కూడా నీలంగానే ఉన్నాయి. నాకు చదువు పిచ్చి ఉందని మా ఆయన రీడింగ్ రూము నుంచి పుస్తకాలు తెచ్చేవాడు. తాను చదివేవాడు కాదు. తీసుకురావడంలోనే ప్రతి పుస్తకం అట్ట మీద ఆయన బొటనవేలు పడేది. అక్కడి గుమాస్తా ఒకసారి, "అన్నా, నువ్వు సదవకుండానే ముద్ర ఏసి పంపుతాండావు" అన్నాడట. ఇంటికొచ్చి చెప్పి నవ్వినాడు.

మేము ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లం కాదు. పిల్లలు లేరు. పొద్దున షెడ్డు, సాయంత్రం బీడీ, రాత్రి జొన్నరొట్టె. నేను దీపం దగ్గర చదువుకుంటుంటే ఆయన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆ మౌనం నాకు అప్పట్లో కొరతగా అనిపించేది.

శ్రావణమాసంలో ఉరుకుందకు పోయాము. గుడిలో హారతి పళ్లెం మా ముందుకు వచ్చింది. అందరూ చేతులు చాపి కళ్లకు అద్దుకుంటున్నారు. మా ఆయన కూడా చాపినాడు, వెనక్కి తీసుకోలేదు. మంట చూపుడువేలు కింద ఆడుతూనే ఉంది. పూజారి పళ్లెం లాక్కుని, "ఏమప్పా, అంత భక్తా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినారు. బయటికి వచ్చేసరికి వేలి మీద బొబ్బ లేచింది. ఆయన దాన్ని వేరేవాళ్ల వేలన్నట్టు చూసుకున్నాడు.

"కాల్లేదా?" అన్నాను.

"తెలీలేదు మే."

అప్పుడు పట్టుకుని చూశాను. బొబ్బ లేచిన వేలు, పక్క వేలు చల్లగా ఉన్నాయి. మిగతావి వెచ్చగా ఉన్నాయి. రంగులో తేడా లేదు. అన్నీ నీలమే. ఇంకో ఇంట్లో అయితే ఆ రెండు వేళ్లు నల్లబడటం ఎప్పుడో కనిపించేది. మా ఇంట్లో అది తొట్టి రంగు అనుకున్నాము.

ఆదోనిలో రైలు స్టేషను నుంచి పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. మా తాలూకాలు బళ్ళారి నుంచి కర్నూలు జిల్లాకు మారిన కొత్త రోజులవి. ఆయన మా ఆయన్ని పిడికిలి గట్టిగా బిగించమన్నాడు. తన రెండు బొటనవేళ్లతో మణికట్టును రెండు వైపులా నొక్కినాడు. పిడికిలి విప్పమన్నాడు. ఒక వేలు తీసి అరచేతిలోకి వంగి చూశాడు. మళ్లీ చేశాడు. కిటికీ దగ్గరికి లాక్కెళ్లి చేశాడు. గోరు నొక్కి వదిలి చూశాడు.

"ఏమి చూడాలప్పా నేను? నెత్తురు పోతే తెల్లగ కావాల. వదిల్తే ఎర్రగ కావాల. ఇది రెండిటికీ నీలంగానే ఉండాది."

"రంగు సార్. కడిగితే పోదు."

"ఎప్పుడు పోతాది?"

"మానుకుంటే పోతాది. గోళ్లది మాత్రం గోరు పెరిగితేనే."

"అయితే మానుకో. తెల్లచెయ్యి తీస్కొని రా. అంతవరకు నేనేమీ సెప్పను." తర్వాత మా ఆయన జేబులోని బీడీకట్ట వైపు చూశాడు. "అది కూడా మానుకో. ఇట్లాంటి వేళ్లు నేను చానా చూసినాను. అన్నీ బీడీ పట్టిన వేళ్లే."

డాక్టరు నాకు మాత్రం ఇంకొంచెం చెప్పాడు. ఆ రోజుల్లో మా వైపు కాలువ తవ్వుతున్నారు. అందుకే ఆయన ఆ మాటే వాడాడు. చేతికి రెండు కాలువలు. ఒకటి పూడిపోయినా రెండోది అరచేతిని తడపగలిగితే వేళ్లు నిలుస్తాయి. రెండూ పూడితే చెయ్యి తీసెయ్యాలి. నీలం పోతే గానీ రెండోది పారుతోందో లేదో తెలియదు.

మరుసటి రోజు నుంచి తొట్టిలో నేను చేతులు పెట్టాను. ఆయన పక్కన నిలబడి ఎంతసేపు ముంచాలో, ఎప్పుడు తియ్యాలో చెప్పేవాడు. కర్రతో కలిపినప్పుడు నీళ్లు చింది ఆయన కాళ్ల మీద పడేవి. వారాలు గడిచే కొద్దీ ఆయన చేతుల రంగు వెలిసిపోయింది, నావి నీలమయ్యాయి. ఎదురింటి మగ్గం ఆయన రోజూ ఏదో ఒకటి అనేవాడు.

"ఏమన్నా, చేతులు తెల్లగైనాయే. ఆపీసరు ఉద్యోగం వచ్చినాదా?"

"వచ్చినాది. నీ మగ్గం తనిఖీకి వస్తా, రేపు ఉండు."

"వదినను చూడు పాపం, మొగుని చేతులు తగిలించుకునింది."

మా ఆయన నవ్వేవాడు, జేబు తడుముకునేవాడు. జేబులో బీడీకట్ట ఉండేది కాదు.

గోళ్ల చివర మాత్రం నీలం గీతలా మిగిలినప్పుడు మళ్లీ ఆదోనికి పోయాము. పిడికిలి బిగించాడు, డాక్టరు నొక్కాడు, పిడికిలి విప్పాడు. అరచెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నీలం లేని మా ఆయన అరచేతిని అంత దగ్గరగా నేను చూడటం అదే మొదలు. డాక్టరు బొటనవేలి వైపు వదిలాడు. ఏమీ కాలేదు. తెల్లగానే ఉండిపోయింది. మళ్లీ మొదటి నుంచి చేసి ఈసారి చిటికెనవేలి వైపు వదిలాడు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత చిటికెనవేలి మొదట్లో ఎరుపు కనిపించింది. అది మెల్లగా అరచేతిలోకి పాకింది. చూపుడువేలు దాకా పోలేదు, కానీ దాని మొదలు దాకా పోయింది.

"ఒకటి పూడింది. ఒకటి పార్తాది" అన్నాడు డాక్టరు. "ఇంక ఆ ఒక్కదాన్ని కాపాడుకోవల్ల."

నన్ను పిలిచి వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాడు. రంగు రావడం ఆలస్యమైన రోజు తీసుకురమ్మన్నాడు.

అట్లా మొదలైంది. పొద్దున వాకిలి గడప మీద, వెలుతురు పడే చోట, ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. ఆయన పిడికిలి బిగించేవాడు. నా నీలం వేళ్లు ఆయన మణికట్టు మీద. ఆయన చేతివైపు చూసేవాడు కాదు, నా ముఖం చూసేవాడు.

"వస్తాందా?"

"వస్తాంది."

అంతే మాట. తర్వాత లేచి ఎవరి పనికి వాళ్లం. పెళ్లయిన అన్నేళ్లలో పగటిపూట ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆ గడప మీదనే. దాన్ని ఇప్పుడు గొప్ప చేసి చెప్పడం నాకిష్టం లేదు. అప్పుడు మేము రంగు కోసం చూస్తున్నాం, అంతే.

ఒక పొద్దున రాలేదు. మళ్లీ నొక్కాను. చానాసేపటికి చిటికెనవేలి దగ్గర లేతగా కనిపించి ఆగిపోయింది.

"వస్తాందా?"

"రాలేదు."

"నందవరంలో పెండ్లికి పోయినా కదా. ఆడ ఎవరో బీడీలు ఇచ్చినారు. రెండు తాగినా."

"చెయ్యి చెప్తాంది" అన్నాను.

"నువ్వే నయం. ఇది చాడీలు కూడా చెప్తాంది."

నాకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ బీడీ ముట్టుకోలేదు. ఆ మాట నమ్మకంతో కాదు, చూసి చెబుతున్నాను. ఆ రోజు నుంచి రంగు ఆలస్యం కాలేదు. చూపుడువేలు కొస మాత్రం ఎండి రాలిపోయింది. మిగతాది నిలిచింది. మళ్లీ నూలు పట్టుకుని పోగులు సరిచూసేంత పట్టు వచ్చింది. చెయ్యి దక్కిందని ఆదోని డాక్టరు సంతోషపడ్డాడు. మేమూ పడ్డాము.

కాళ్లు ఎవరూ చూడలేదు. తొట్టి పక్కన నిలబడేవాడి కాళ్లు నీలంగా ఉండక ఎట్లా ఉంటాయి? చేతికి పోయిన రంగు కాళ్లకు రోజూ కొత్తగా పడేది. నొప్పి పుట్టి ఆయన కుంటడం మొదలుపెట్టేసరికి మడమ దాకా చల్లబడి ఉంది. కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లాము. కాలు తీశారు. అప్పటికే విషం ఒంట్లోకి ఎక్కిందన్నారు.

చివరి రోజు సాయంత్రం ఆయనకు మాట లేదు. మంచం పక్కన కూర్చున్నాను. పిడికిలి ఆయన బిగించలేడు కాబట్టి నేనే వేళ్లు మడిచి నా చేత్తో మూసిపట్టాను. మణికట్టు రెండు వైపులా నొక్కాను. వేళ్లు విప్పి చిటికెనవేలి వైపు వదిలాను. ఎరుపు వచ్చింది. మెల్లగా వచ్చింది, కానీ ఎప్పుడూ ఆగే చోటు దాకా వచ్చింది. మేము కాపాడుకున్నది చెయ్యి. అది ఆయన పోయేదాకా బాగానే ఉంది.

షెడ్డు ఆయన తమ్ముడు తీసుకున్నాడు. నా చేతుల రంగు పోవడానికి చాలా రోజులు పట్టింది. గోళ్ల చివరి గీత కత్తిరించిన రోజు నాకు గుర్తుంది. కత్తిరించకుండా ఉంచుకోవచ్చు కదా అనుకుని, మళ్లీ కత్తిరించేశాను.

డాక్టరమ్మ నా చిటికెనవేలి వైపు నొక్కిపెట్టింది. పెట్టెలో శబ్దం ఆగలేదు. వేలు మార్చి బొటనవేలి వైపు నొక్కింది. అప్పుడూ ఆగలేదు. "రెండూ బాగున్నాయవ్వా. ఇది మెడ నరం తిమ్మిరి. భయం లేదు" అంది.

ఇంకొక్కసారి వినిపించమని అడిగాను. ఎందుకని అడగకుండా వినిపించింది. చెయ్యి వైపు చూడకుండా ఆమె ముఖం చూస్తూ విన్నాను. ఆమె తన పెట్టె వైపు చూస్తోంది.

చీరకొంగుతో జెల్ తుడుచుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.