గ్రాంట్ హిబ్బర్ట్ కట్టని పన్ను

స్టాక్‌పోర్ట్ అనే ఆ ఇంగ్లీషు ఊళ్లో ఎవరి జీతమెంతో ఎవరూ అడగరు. అడిగితే బట్టలిప్పమన్నట్టు చూస్తారు. మరి గొప్పలు కొట్టుకోవాలంటే ఎట్లా? ఏడవాలి. వంటింటి అల్మరాలు అమ్మే షోరూమ్‌లో మేనేజరు గ్రాంట్ హిబ్బర్ట్ ఆ ఏడుపులో ఆరితేరినవాడు.

పిల్లలున్న ఇంటికి సర్కారు వారు భత్యం ఇస్తారు. మొగుడూ పెళ్లాల్లో ఏ ఒక్కరి ఆదాయమో ఏడాదికి అరవై వేల పౌండ్లు దాటిందా, ఇచ్చిందాన్ని పన్ను కింద మెల్లమెల్లగా లాగేసుకుంటారు. ఇద్దరూ చెరో యాభై తొమ్మిది వేలు తెచ్చుకుంటే మాత్రం ముట్టుకోరు. ఇదేం న్యాయమని నన్నడక్కండి. గ్రాంట్‌కి కావలసింది న్యాయం కాదు, ఆ అరవై వేల గీత. ప్రతి శనివారం పబ్‌లో బీరు ముందు పెట్టుకుని మూలిగేవాడు.

"పసిపిల్ల డబ్బుల్ని కూడా వదల్లేదురా! భత్యమంతా పన్ను కింద గుంజుకున్నారు. కష్టపడి పైకొస్తే ఇదీ మర్యాద!"

"అయ్యో పాపం" అనేవాళ్లు పక్కవాళ్లు, లోపల కుళ్లుకుంటూ. ఆ కుళ్లు చూస్తే గ్రాంట్‌కి బీరు ఇంకాస్త రుచిగా ఉండేది. ఇంతకీ ఆ మహానుభావుడి జీతం నలభై ఒక్క వేలు. ఆ పన్ను వాళ్ల వీధి మలుపు కూడా తిరగలేదు.

మూలుగు వీధంతా తిరిగి భార్య కెర్రీ చెవిన పడింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అంది, "పాపం, నీకెందుకీ బాధ? భత్యమే లేకపోతే దాని మీద పన్నూ ఉండదు, ఆపించేస్తున్నా."

గ్రాంట్ నోట్లో బంగాళాదుంప అలాగే ఉండిపోయింది.

"టిల్లీ ఈత నేర్చుకునేది ఆ డబ్బుతోనే కదా. మాన్పించాలి మరి. ఏమంటావ్?"

టిల్లీకి ఎనిమిదేళ్లు. నీళ్లంటే ప్రాణం. "వద్దు, నా జీతం అంత లేదు" అంటే చాలు, పిల్ల ఈత నిలబడేది. గ్రాంట్ దుంప మింగి, "చట్టం చట్టమే" అన్నాడు. చట్టమట! సిగ్గు లేకపోతే సరి.

రెండు నెలలు గడిచాయి. శనివారం పబ్ నుంచి వచ్చి స్నానానికి దిగినప్పుడల్లా తొట్టి మీద ఆరేసిన తడి బట్టలేవో అడ్డం వచ్చేవి. విసుక్కుంటూ పక్కకి తోసేవాడు.

ఓ శనివారం పబ్‌లో రూపర్ట్ వచ్చి గ్రాంట్ పక్కన కూర్చున్నాడు. అతను పళ్ల డాక్టరు, ఆ పన్ను నిజంగానే కట్టే మనిషి.

"పిచ్చోడా, అరవై పైన ఎంతుందో అంతా పెన్షన్ ఖాతాలో వేసెయ్, అది ఆదాయం లెక్కలోకి రాదు. గీత కిందికి దిగుతావు, భత్యం మీకే ఉంటుంది. నీకు సలహా చెప్పమని కెర్రీయే నన్నడిగిందిలే. రేపు భోజనానికి వస్తున్నాగా, తేల్చేద్దాం. నీ జీతం కాగితం తీసి ఉంచు."

గ్రాంట్ బీరు సగంలో వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. కెర్రీ క్యారెట్లు చెక్కు తీస్తోంది.

"కెర్రీ, నా జీతం అరవై కాదు."

"ఊఁ."

"యాభై కూడా కాదు."

"నలభై ఒకటి. ఇంటి అప్పు కాగితాల మీద నీ పక్కన సంతకం పెట్టిందెవరనుకున్నావ్, పక్కింటావిడా?"

"తెలిసీ భత్యం ఎందుకాపించావ్?"

"ఎవరాపించారు? వస్తూనే ఉంది. టిల్లీ ఈతకి వెళ్తూనే ఉంది, ప్రతి శనివారం, నువ్వు పబ్‌లో ఏడుస్తుండగా. దాని తడి ఈతబట్టలు వారం వారం తోసేసేది నువ్వే కదా? నేనేం దాచలేదు. నువ్వే అడగలేదు."

గ్రాంట్‌కి ముందు హమ్మయ్య అనిపించింది. సిగ్గు తర్వాతెప్పుడో వస్తుంది కాబోలు.

"అయితే రూపర్ట్‌ని రావద్దని చెప్పెయ్ కెర్రీ. నా పరువు పోతుంది."

కెర్రీ కత్తి బల్ల మీద పెట్టింది.

"పిల్ల కోసమైనా నోరు విప్పుతావని రెండు నెలలు చూశాను, గ్రాంట్. పళ్ల డాక్టరుకి భయపడి విప్పావు. రానీ అతన్ని. టిల్లీ కూడా బల్ల దగ్గరే ఉంటుంది, నీ జీతమెంతో ఇద్దరి ముందూ నువ్వే చెబుదువు గాని."