పెట్టెలో గరగర

మా ఆవిడ పోయాక ఆమె గదిలో ఏదీ కదపలేదు. అందులో గొప్పేమీ లేదు. ఏది తీస్తే ఎక్కడ పెట్టాలో తెలియక అలా వదిలేశాను. మంచం మీద శాలువా, కిటికీలో దువ్వెన, మూలనున్న బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన నిలబెట్టిన సీపీయూ పెట్టె, ఆ పెట్టె మీద ఆమె కప్పిన పాత చీర ముక్క. రోజూ గది ఊడ్చి తలుపు చేరవేసేవాణ్ణి.

ఆమె ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఒకటో తరగతి పిల్లలకు వాళ్ల భాషలోనే కథలు చెప్పాలని, తన తల్లి మా ఇంటికి వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి మాట్లాడించి ఫోన్లో రికార్డు చేసేది. ఫోను నిండగానే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఫోను ఖాళీ చేసేది. ఆ పిల్లలదీ వీళ్లదీ ఒకే భాష, కువి. నేను విజయనగరం వైపు మైదానం మనిషిని. అరకులో ఇన్నేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నా కువిలో మంచినీళ్లు అడగడం దాటి ముందుకు పోలేదు. అత్తగారు ముందే పోయారు. తర్వాత ఈమె. ఇద్దరి గొంతులూ ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు. నేను ఒక్కటీ తెరిచి వినలేదు. వినే ధైర్యం లేదు. ఉన్నాయని తెలిస్తే చాలుననుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక ప్రశ్నపత్రం టైపు చేయాల్సి వచ్చి కంప్యూటరు ఆన్ చేశాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత గరగరమని మొదలైంది. చెప్పుల కింద ఇసుక పడి నలిగినట్టు. మధ్యలో టిక్కు టిక్కుమనేది. ఒక్కసారిగా ఆగిపోయేది. ఆగిందని ఊపిరి పీల్చుకుంటే మళ్లీ వచ్చేది. పక్కన చెయ్యి ఆనిస్తే ఒక్కోసారి తగ్గేది, ఒక్కోసారి పెరిగేది. ఏ కారణానికి ఏ చప్పుడో ఎంత విన్నా అంతుపట్టలేదు.

మెయిన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనికి ఫోను చేశాను. ఫోను పెట్టె దగ్గర పెట్టమన్నాడు. విని, "హార్డ్ డిస్కు అయ్యుంటాది మాస్టారూ" అన్నాడు.

"అంటే?"

"అంటే పోడానికి రెడీగా ఉన్నట్టు. ముందు ఆఫ్ చేసేయండి. పైన ఏటైనా బరువు పెట్టినారా?"

"ఏమీ లేదు" అన్నాను. చీర ముక్క ఒక వస్తువని నాకు తోచలేదు.

"అందులోవి పెన్ డ్రైవులోకి తీసుకోవచ్చా?" అని నేనే అడిగాను.

"తీసుకోవచ్చు. కానీ డిస్కు నీరసంగా ఉన్నప్పుడు కాపీ పెడితే, ఆ బరువుకే పోయినా పోవచ్చు. తెచ్చీండి, చూద్దాం. దారిలో కుదుపు తగలకుండా తేవాలి."

మా వీధి నుంచి మెయిన్ రోడ్డుకి కుదుపు లేకుండా ఏ ఆటో వెళుతుంది? వానకి రోడ్డంతా గోతులే.

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారితో చెబితే ఆయన సరిగ్గా తిరగేసి చెప్పాడు. "ఆఫ్ చేస్తారేంటండీ? మా బావమరిదిది అలాగే ఆఫ్ చేస్తే మళ్లీ లేవలేదు. తిరుగుతున్నంతసేపే దానికి ప్రాణం. ఆపకండి."

నాకు ఏం చేయాలో తెలియలేదు. ఒకరు ఆపమంటారు, ఒకరు ఆపొద్దంటారు. కాపీ చేస్తే పోవచ్చు, చేయకపోయినా పోవచ్చు. ఆసుపత్రిలోనూ ఇలాగే నిలబడ్డాను. ఒక డాక్టరు విశాఖ తీసుకెళ్లమన్నాడు, ఇంకొకాయన ఈ పరిస్థితిలో ఘాట్ రోడ్డు దిగడం మంచిది కాదన్నాడు. ఇద్దరూ తెలిసినవాళ్లే. ఆ పోలిక ఇక్కడికి తేవడం నాకే ఇష్టం లేదు గానీ, ఆ రోజుల్లో అది నా తలలోంచి పోలేదు.

చివరికి ఏదీ నేను నిర్ణయించలేదు. గాలివానకి కరెంటు పోయి, పెట్టె దానంతట అదే ఆగిపోయింది. కరెంటు వచ్చాక చాలాసేపు బటన్ ముట్టుకోలేదు. ముట్టుకున్నాక లేచింది. గరగరతో సహా లేచింది. సంతోషించాలో భయపడాలో తెలియక మళ్లీ ఆపేశాను.

శుక్రవారం సంతకి మా మరదలు వచ్చింది. మా ఆవిడ చెల్లెలు. కొండ మీద వాళ్ల ఊళ్లో వ్యవసాయం. సంతకి వస్తే మా ఇంట్లో టీ తాగి వెళ్లడం అక్క ఉన్నప్పటి అలవాటు. అక్క పోయాక వీధి గుమ్మంలోనే నిలబడి పలకరించి వెళ్లిపోయేది. ఆ రోజు లోపలికి వచ్చింది. నేను అప్పుడే మరోసారి ఆన్ చేసి, చెవి పెట్టి వింటున్నాను.

"ఏటి బావా, పెట్టికి ఆయాసం వచ్చినాదేటి?"

"డిస్కు పోతోందట."

"పోతే పోనీ. నా మూట ఏదీ?"

"ఏ మూట?"

"చోళ్ల మూట. ఇత్తనాలు. వాన పడ్డాది కదా, నారు పొయ్యాల. అడగడానికి మొకం సెల్లక ఇన్నాళ్లూ అడగలేదు."

చోళ్లంటే మా వైపు రాగులు; మా ఇంట్లో ఆ మూట ఉన్నట్టే నాకు తెలియదు.

వాళ్ల ఊళ్లలో విత్తనం పొయ్యి పైన అటక మీద ఉంటుంది. పొగా వేడీ తగిలి పురుగు పట్టదు, ఈ లోయ చెమ్మకి ముక్కిపోదు. మరదలి ఇంటికి కొత్తగా స్లాబు పడి పొయ్యి వాకిట్లోకి పోయింది. మాది గ్యాసు ఇల్లు. అక్కని అడిగితే, "నా కాడ పొగ లేని పొయ్యుంది, ఇలా తే" అందట.

మరదలు నేరుగా గదిలోకి వెళ్లి చీర ముక్క లాగేసింది. ఆపుదామని చెయ్యి చాచాను, ఆపలేకపోయాను. దాని కింద, పెట్టె పైనున్న జల్లెడ కన్నాల మీద, గుడ్డలో కట్టిన మూట వెచ్చగా కూర్చుని ఉంది. దాని అడుగున ఎలుక కొరికిన కన్నం. మరదలు మూట ఎత్తగానే చోళ్లు జలజలా కన్నాల్లోంచి పెట్టెలోకి రాలాయి. గరగర ఒక్కసారి రెట్టింపై, తర్వాత కీచుమంది. నేను వైరు పీకేశాను.

పక్క రేకు స్క్రూలు విప్పాను. లోపల అడుగంతా చోళ్లు. ఫ్యాను రెక్కల మధ్య చోళ్లు.

"సేట ఏదీ?" అంది మరదలు.

"చేట ఎందుకు?"

"ఎందుకేటి? ఇత్తనం వొగ్గేత్తానా?"

వంటింట్లోంచి చేట తెచ్చి నేల మీద పెట్టి, పెట్టెని రెండు చేతులా ఎత్తింది. "కుదపకూడదు, కుదపకూడదన్నాడు" అని అరిచాను. "అన్నోడు వచ్చి ఏరతాడేటి?" అని తలకిందులు చేసి తట్టింది. చోళ్లు చేటలో పడ్డాయి, వాటితో దుమ్ము, రెండు ఎలుక పెంటికలు. వాకిట్లోకి వెళ్లి చెరిగింది. ఆలోగా నేను ఫ్యానులో మిగిలినవి పక్షి ఈకతో తుడిచాను. అది కూడా ఆమె కిటికీలో దువ్వెన పక్కన ఉన్నదే.

రేకు బిగించి, వైరు పెట్టి, బటన్ నొక్కాను. ఏ చప్పుడూ లేదు. పోయిందనుకున్నాను. అలాగే కూర్చుండిపోయాను. తెర వెలిగాక కూడా నమ్మకం కలగలేదు. గుక్క తిప్పుకోకుండా పెన్ డ్రైవు పెట్టి అన్నీ కాపీ చేశాను. ఎక్కడా ఆగలేదు. డిస్కుకి మొదటి నుంచీ ఏమీ కాలేదు.

"అక్క మాటలున్నాయంట కదా. పెట్టు" అంది మరదలు, గడప మీద కూర్చుని.

పెట్టకుండా ఉండటానికి నాకు కారణం దొరకలేదు. మొదటిది తెరిచాను. అత్తగారి గొంతు, మధ్యలో ఈమె గొంతు. ఏదో అడిగింది, నవ్వింది. అది కథలా లేదు, ఇంటి మాటల్లా ఉంది. నాకు "నీళ్లు" తప్ప ఒక్క ముక్క తెలియలేదు. మరదలు పకపకా నవ్వింది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటున్నారు?"

"అమ్మ అక్కని తిడతంది."

"ఎందుకు?"

"నీ గురించే."

"నేనేం చేశాను?"

"సెప్పను పో."

ఎంత అడిగినా చెప్పలేదు. విత్తనం మూట కట్టుకుంది. వచ్చే ఏడు పంట వచ్చాక మళ్లీ తెస్తానని, ఈసారి మూత గట్టిగా ఉన్న డబ్బా చూసి ఉంచమని చెప్పింది.

"కంప్యూటరు ఆన్ చేస్తేనే వేడెక్కుతుంది. నేను దాన్ని అంతగా వాడను" అన్నాను.

"అయితే రోజూ ఎలిగించు. అక్క మాటలు ఇను. సంతకొచ్చినప్పుడు నేను అర్తం సెప్తాను."

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆన్ చేస్తున్నాను. పైన ఖాళీ డబ్బా ఒకటి, కన్నాలు మూయకుండా పక్కకి జరిపి పెట్టాను. ఒక్కో మాట నాలుగైదుసార్లు విని పలకడం నేర్చుకుని, శుక్రవారం మరదలి ముందు పలుకుతాను. నా ఉచ్చారణకి నవ్వి, కొన్నిటికి అర్థం చెబుతుంది. ఆ మొదటి రికార్డుకి మాత్రం చెప్పదు. నేనేం చేశానో ఇంకా తెలియలేదు.