బాబాయి చేతిలో పదమూడు ముక్కలు

బాబాయి పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "లొకేషన్ ఎక్కడండీ?" అని. ఏళ్ళ తరబడి అంబులెన్సు తోలినవాడి నోటికి ఇంకో మాట అలవాటుండదు. ఫోన్ చేసింది చెవిటికల్లు దగ్గర మామిడితోట ఉన్న రైతు. మేమంతా తోటాయన అంటాం. ఆయన, "ఇంటి దగ్గరేనయ్యా, జగ్గయ్యపేటలో. తొందరేం లేదు, నిదానంగా రా" అన్నాడు. బాబాయి దగ్గరికి వెళ్ళే పనిలో తొందర లేదని అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు. బండి పక్కన నిలబడే ఏడ్చాను.

మీలో చాలామందికి ఆయన తెలియడు కాబట్టి చెప్తాను. నాకు సొంత బాబాయి కాదు. నేను సాయిబుల ఇంటివాణ్ణి, ఆయన బొట్టు పెట్టుకోకుండా బండి ఎక్కనివాడు. అంబులెన్సులో నేను ముందు స్టీరింగ్ దగ్గర, ఆయన వెనక పేషెంటు పక్కన. మందూ సూదీ ఆక్సిజనూ అన్నీ చూసే టెక్నీషియన్ అన్నమాట. మా ఇద్దరికీ మధ్య చిన్న అద్దం కిటికీ ఉండేది. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైవే మీద మా కాపురమంతా ఆ కిటికీలోంచే నడిచింది. నేను బాబాయ్ అని పిలవడం మొదలుపెడితే ఆసుపత్రి ఆయాలు, టీకొట్టువాళ్ళు, చివరికి పేషెంట్లు కూడా అలాగే పిలిచారు.

స్పృహ ఉందో లేదో చూడటానికి అందరూ పేషెంటుని పేరడుగుతారు. బాబాయి మాత్రం, "ఇవాళ ఇంట్లో ఏం కూర?" అని అడిగేవాడు. పేరు మత్తులో కూడా చెప్పేస్తారనీ, కూర గుర్తుందంటే మనిషి మనతోనే ఉన్నాడనీ ఆయన లెక్క. చిక్కల్లా పక్కనున్న ఇల్లాళ్ళతో. ఆయన అడగడం ఆలస్యం, "గోంగూర పప్పండీ" అని వాళ్ళే చెప్పేసేవాళ్ళు. "మిమ్మల్ని కాదమ్మా, మీకు స్పృహ ఉందని నాకు తెలుసు" అని విసుక్కునేవాడు.

మా ఉపవాసాల నెలలో పొద్దుగూకే వేళకి కేసు లేకపోతే బండి పక్కకి ఆపించి నా చేతిలో ఖర్జూరాలు పెట్టేవాడు. ఎంత మంచివాడివి బాబాయ్ అంటే ఒప్పుకునేవాడు కాదు. "నీకు షుగర్ పడిపోతే పేషెంటూ నేనూ కలిసి కాలవలో పడతాం సాయిబూ. నా ప్రాణం కోసం పెడుతున్నా, తిను" అనేవాడు.

అలాంటి మనిషికి పేకాట కేసులో శిక్ష పడింది. అది చెప్పకుండా ఆయన్ని తలుచుకోవడం నా వల్ల కాదు.

ఆ రోజు మధ్యాహ్నం తోటలో మనిషి పడిపోయాడని ఫోన్ వచ్చింది. బండి తోటలోకి దూరదు. నేను డొంక దగ్గర ఉండిపోయాను, బాబాయి సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాడు. వెళ్ళేసరికి పరదా పట్టా మీద రమ్మీ నడుస్తోంది. మధ్యలో తోటాయన, ఒళ్ళంతా చెమటలతో, కళ్ళు తేలేసి, షుగర్ పడిపోయి ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఆట మీద ధ్యాసతో అన్నం తినలేదట. ఎడమ చేతికి నరం దొరకలేదు. కుడి చేతిలో ముక్కలున్నాయి. మనిషికి సగం స్పృహ లేదు గానీ ముక్కలు మాత్రం వదలడం లేదు. బాబాయి ఒక్కో వేలూ విడదీసి, ఆ ముక్కలు తన చేతిలోకి తీసుకుని, సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించాడు.

గ్లూకోజు లోపలికి వెళ్ళగానే తోటాయన కళ్ళు తెరిచాడు. బాబాయి అలవాటుగా, "ఏం కూర?" అన్నాడు. తోటాయన కూర సంగతి ఎత్తలేదు. "ముక్కలు కలపమాక బాబాయ్. అట్టాగే పట్టుకో, మంచి సీక్వెన్స్ పడింది" అన్నాడు.

సరిగ్గా అప్పుడు మఫ్టీలో పోలీసులొచ్చారు. కాళ్ళున్నవాళ్ళు పరిగెత్తారు. మిగిలింది పడుకుని ఉన్న తోటాయన, మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దమనిషి, ఒక చేత్తో గ్లూకోజు బాటిలూ ఇంకో చేత్తో విసనకర్రలా పరిచిన పదమూడు ముక్కలూ పట్టుకుని యూనిఫాంలో నిలబడ్డ మా బాబాయి. ఎస్సై కొత్తవాడు. యూనిఫాంలో పేకాడతావా అని ఆయనకి ఒళ్ళు మండిపోయింది. బాబాయి చెప్పబోయాడు గానీ, తోటాయన అడ్డు పడి, "ముక్కలు చూపించమాక బాబాయ్" అన్నాడు. ఇక ఎవరు నమ్ముతారు?

ముందు పేషెంటుని ఆసుపత్రిలో చేర్చనిచ్చారు, ఒక కానిస్టేబుల్ కూడా మా బండిలోనే వచ్చాడు. స్టేషన్లో నేను ఎంత మొత్తుకున్నా ఆ కానిస్టేబులే తల అడ్డంగా ఊపాడు. "చేతిలో ముక్కలున్నాయని పంచనామాలో రాసేశాం. అయినా ఆడినా, పక్కన కూర్చున్నా ఒకటే సెక్షన్ బాబాయ్" అన్నాడు. వాడికీ బాబాయే మరి.

కోర్టు రోజున ప్లీడరుగారు, "కేసు నడుపుదామండి, నిలబడదు" అన్నారు.

"ఎన్నిసార్లు రావాలండి?" అన్నాడు బాబాయి.

"వాయిదాలుంటాయి కదా."

"నేను వాయిదాలకి తిరుగుతుంటే బండి వెనక ఎవరు కూర్చుంటారు? ఒప్పుకుంటే?"

"ఒప్పుకుంటే ఇవాళే అయిపోద్ది. కానీ..."

ఆ 'కానీ' బాబాయి వినలేదు. వరసలో నిలబడి, ముందున్నవాళ్ళు చెప్పినట్టే చెప్పేశాడు. జడ్జిగారు యూనిఫాం వంక చూసి, "నిజంగా ఆడారా?" అని మళ్ళీ అడిగారు. "డ్యూటీకి టైమైందండి" అన్నాడు. నేనడిగింది అది కాదన్నారు ఆయన. "ఒప్పుకుంటున్నానండి" అన్నాడు. జరిమానా కట్టి, బయట ఇడ్లీ తిని, బండెక్కాడు. సీటు బెల్టు పెట్టుకోకపోతే చలానా కట్టినట్టే అనుకున్నాం ఇద్దరం. నేరం ఒప్పుకుని జరిమానా కట్టినా దాన్ని శిక్ష పడటమే అంటారని మాకు తెలియదు.

తెలిసింది ఆయన టెక్నీషియన్ లైసెన్సు రెన్యువల్ అప్పుడు. ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా అని ఆ లైసెన్సు ఇచ్చే బోర్డువాళ్ళు అడిగారు. పడలేదని రాస్తే అక్కడితో పోయేదేమో. బాబాయి పడిందనే రాశాడు. కారణం రాయమన్నచోట, 'ముక్కలు పట్టుకున్నందుకు' అని రాశాడు. విచారణ అయ్యేదాకా బండి ఎక్కకూడదని కబురొచ్చింది.

ఇంట్లో కూర్చున్న బాబాయిని వీధి భరించలేకపోయింది. పాలవాడికి బీపీ చూసేవాడు. ఇస్త్రీ ఆయన్ని నాలుక చాపమనేవాడు. పిన్ని ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువై తనే మొహం చిట్లిస్తే, పక్షవాతమేమో, మూతి ఏ పక్కకి వంకర పోయిందో చూస్తానని అద్దం ముందు నిలబెట్టాడు. "ఆయన్ని ఎక్కించుకుపో నాయనా, లేకపోతే నేనెక్కుతా నీ అంబులెన్సు" అంది పిన్ని నాతో.

అందరం నవ్వేవాళ్ళం. కానీ సాయంత్రాలు ఆయన ఊళ్ళోంచి హైవేకి పోయే రోడ్డు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బండిలో పేషెంటు లేకపోతే అక్కడ నేను నెమ్మది చేసేవాణ్ణి. ఆయన లేచి నిలబడి బండి కనుమరుగయ్యేదాకా చూసేవాడు. ఆ లైసెన్సు పోతే ఈ మనిషి ఎక్కువ రోజులు ఉండడని నాకు భయం పట్టుకుంది. ఆ భయం ఆయనకి చెప్పలేదు, పిన్నికీ చెప్పలేదు.

విచారణకి విజయవాడ బస్సులో వెళ్ళాం. తోటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని సాక్ష్యానికి వచ్చాడు. బోర్డులో పెద్ద డాక్టరమ్మ ఒకావిడ కూర్చున్నారు. "మీకు పేకాట వచ్చా?" అని బాబాయిని అడిగారు. రాదన్నాడు. రాదని ఎలా నమ్మాలి అన్నారావిడ.

తోటాయన లేచాడు. "నేను చెప్తానండి. ఈయన నా ముక్కలు పట్టుకున్నాడు కదా, పోలీసులు రెక్క పట్టుకోగానే ఒక ముక్క జారవిడిచాడండి. ఏది జారవిడిచాడో తెలుసా అమ్మా? జోకర్. అంతమంది పోలీసులున్నా నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఆట తెలిసినవాడు ప్రాణం పోయినా జోకర్ వదులుతాడా అండీ?"

డాక్టరమ్మ పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు అప్పటిదాకా తల ఎత్తలేదు. ఇప్పుడెత్తి, "వదలడు" అన్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు గానీ, అప్పటికే డాక్టరమ్మ నవ్వేశారు. నవ్వాపుకుని, బాబాయితో ఒక మాట అన్నారు. "మేం అడిగామని బాధపడకండి. మీరు రాగానే జనం తలుపులు బార్లా తీసి మనిషిని మీ చేతుల్లో పెడతారు. ఆ చేతులు ఎలాంటివో చూడకపోతే తప్పు మాది." హెచ్చరికతో వదిలేసి లైసెన్సు ఇచ్చారు.

తిరుగు బస్సులో నేను ఆవిడ మీద రుసరుసలాడుతుంటే బాబాయి ఊరుకోలేదు. "అడగాల్సిందే సాయిబూ. మీ అమ్మకి బాగోనప్పుడు ఆవిణ్ణి వెనక నాకొదిలేసి నువ్వు ముందు కూర్చుని తోలావు. వెనక్కి తిరిగి చూశావా? చూడలేదు. ఆ నమ్మకం ఊరికే వచ్చుద్దా?" అన్నాడు. నిజంగానే ఆ రోజు వెనక్కి చూడలేదు.

మర్నాటి నుంచీ బండెక్కాడు. ఒకటే మార్పు. ఏ తోటలోకి, ఏ పాకలోకి వెళ్ళాల్సి వచ్చినా దూరం నుంచే, "ముక్కలు దాచండి, నేనొస్తున్నా" అని కేక వేసేవాడు. ముసలమ్మలు ఒంటరిగా ఉన్న ఇళ్ళ ముందు కూడా వేసేవాడు. రిటైరయ్యేదాకా అంతే.

ఫోన్ వచ్చిన రోజు వెళ్ళేసరికి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. నిద్రలోనే పోయాడు, ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. దగ్గర కూర్చుంటే 'ఏం కూర బాబాయ్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే పిన్ని చెప్పేస్తుందేమోనని భయపడి మింగేశాను.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక, అన్నిచోట్లా జరిగేదే, షామియానా కింద దుప్పటి పరిచి పేక తీశారు. తోటాయన కూడా కూర్చున్నాడు. దండ వేసిన బాబాయి ఫోటో పక్కనే కుర్చీలో ఉంది. తోటాయన ముక్కలు అందుకుని సర్దుకుంటూ ఫోటో వంక చూశాడు. ముక్కలు బోర్లా పెట్టేసి లేచాడు. కుర్చీని మెల్లగా ఎత్తి, ఆటకి దూరంగా, రోడ్డు వైపు తిప్పి పెట్టాడు.

"అదేంటయ్యా?" అన్నారెవరో.

"పక్కన కూర్చున్నా ఒకటే సెక్షన్. నా మూలంగా ఒకసారి పడింది, చాలు" అన్నాడు.

ముందుగా నవ్వింది పిన్ని. నవ్వుతూనే పమిట కళ్ళకి ఒత్తుకుంది. అంతలో మా బండి హైవే వైపు వెళ్తూ కనబడింది. ఆ డ్రైవరు కుర్రాడికి ఎవరు చెప్పారో తెలియదు, షామియానా దగ్గరికి రాగానే నెమ్మది చేశాడు. బాబాయి కుర్చీలోంచి చూస్తున్నాడు.